లోపల నుంచి బెల్లు వినిపిస్తే

ఆ సొరంగానికి మంచి పేరు లేదు.

కొండకు ఇటు పాత ఊరు, అటు రైల్వే స్టేషను. మధ్యలో ఎప్పుడో నీళ్ళ గొట్టం కోసం తవ్విన సొరంగం. గొట్టం తీసేశాక సైకిళ్ళకు వదిలేశారు. ఒక్క సైకిలు పట్టే వెడల్పు... పైగా మధ్యలో పెద్ద వంపు. ఈ చివర నిలబడితే ఆ చివర కనిపించదు. అందుకని అక్కడ ఒక పద్ధతి ఉంది. లోపలికి దూరే ముందు బెల్లు కొట్టాలి. జవాబుగా బెల్లు వినిపిస్తే ఎవరో వస్తున్నట్టు. వాళ్ళు బయటపడేదాకా ఆగాలి.

పద్ధతి బాగానే ఉంది. కాకపోతే పొద్దు వాలాక అక్కడ బెల్లు కొట్టేవాళ్ళంతా బయటికి రారని చెప్పుకుంటారు.

స్టేషను దగ్గర సైకిళ్ళు అద్దెకిచ్చే ఆయన ఈ మాట చెప్పినప్పుడు, ఊరు చూడ్డానికి వచ్చిన ఆమె పెదవి విరిచింది. మందుల కంపెనీలో మాత్రల పట్టీలు పరీక్షించే ఉద్యోగం ఆమెది. ఏదీ ఓ పట్టాన నమ్మదు. తోటివాళ్ళు ఆమెకు పెట్టిన పేరు భూతద్దం.

"చీకటి పడేలోపు సైకిలు తెప్పించుకోవడానికి చెబుతున్నారు కదూ?" అని నిలదీసింది.

"మీ ఇష్టమమ్మా. చెప్పడం నా ధర్మం" అన్నాడాయన.

ఆ రోజంతా భూతద్దం ఒంటరిగా ఊరు తిరిగింది. మ్యూజియంలో వెయ్యేళ్ళ కుండ అన్నారు గానీ, దాని అతుకు నిన్నమొన్నటిదని కనిపెట్టింది. గడియారపు స్తంభం ఎక్కి, అక్కడి టైము తప్పని తేల్చింది. కాలువ గట్టున టీ అమ్మే ఆవిడ "ఒక్కదానివే వచ్చావా?" అని అడిగితే, ఎందుకైనా మంచిదని మా వాళ్ళు వెనకాల వస్తున్నారని అబద్ధం చెప్పింది.

అనుమానాలు ఎన్ని ఉన్నా మనసు మాత్రం గాల్లో తేలుతోంది. ముప్పై ఏళ్ళొచ్చాక మొదటిసారి ఒంటరిగా ఊరు దాటింది మరి. అదీ అన్నయ్య పెట్టిన షరతు మీద. "సాయంత్రం రైలుబండి ఎక్కావా సరే. ఎక్కలేదనుకో... నేనే వచ్చి తీసుకొస్తా. ఆ తర్వాత ఒంటరి ప్రయాణాల ఊసెత్తకూడదు" అన్నాడు. అన్నయ్య మాటంటే మాటే.

కాలువ గట్టున కూర్చుని ఆమె పొద్దు సంగతే మరిచిపోయింది. చూసుకునేసరికి చీకటి పడుతోంది. కొండ చుట్టూ తిరిగి వెళితే బండి అందదు. ఇక మిగిలింది సొరంగమే.

దాని ముందు ఆగి బెల్లు కొట్టింది.

లోపల నుంచి బెల్లు వినిపించింది. బొంగురుగా, జలుబు చేసిన గొంతులా.

సరే, ఎవరో వస్తున్నారు. పక్కకు జరిగి నిలబడింది... ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే బెల్లు.

ఇంకాసేపు చూసింది. లోపల చక్రాల చప్పుడు లేదు, వెలుతురు లేదు.

వెన్ను జల్లుమంది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇది దెయ్యం పని కాదు, దొంగ పని! సైకిలు ఆయన ముందు కథ చెప్పి, తర్వాత మనిషిని పెట్టాడు... బెదిరి సైకిలు వదిలేసి పారిపోతే, దాని ఖరీదు తన దగ్గర గుంజాలని.

"మీ ఆటలు నా దగ్గరా?" అని గొణుక్కుని, ఫోను లైటు వేసి, సైకిలు నడిపించుకుంటూ లోపలికి అడుగు పెట్టింది.

తడి గోడలు భుజాలకు రాసుకుంటున్నాయి. వంపు దగ్గరికి వచ్చింది. తిరిగింది—

ఎదురుగా ఒక మొహం!

ఇద్దరూ ఒకేసారి కేక పెట్టారు.

"కొట్టకండమ్మా! నేను మనిషినే!" అంది ఆ మొహం.

హెల్మెట్ పెట్టుకున్న ఒక భారీ మనిషి. బళ్ళో లెక్కలు చెబుతాడట. ఆయనా ఒంటరిగా ఊరు చూడ్డానికి వచ్చాడు. ఇప్పుడు స్టేషను వైపు నుంచి పాత ఊళ్ళోని తన బసకు పోతున్నాడు.

"ఇందాకటి నుంచి బెల్లు కొట్టేది మీరా?" అంది ఆమె గుసగుసగా.

"మీరు కొట్టారని నేను ఆగాను. ఎంతకీ రారేమిటని మళ్ళీ కొట్టాను..."

"మీరు వస్తారని నేనూ ఆగాను!"

ఇద్దరికీ విషయం అర్థమైంది. ఆ చివర ఆయన, ఈ చివర ఆమె. ఒకరి కోసం ఒకరు మర్యాదగా కాచుకున్నారు. ఊరంతా ఇన్నేళ్ళుగా హడలిపోతున్నది దీనికా! ఆమెకు నవ్వు ఆగలేదు. మాస్టారైతే గోడకు ఆనుకుని మరీ నవ్వాడు.

"మా ఆవిడకు చెప్పకండి. నేను ధైర్యవంతుణ్ణని చెప్పి వచ్చాను" అన్నాడు.

ఆయనే పాపం వెనక్కి నడిచి ఆమెకు దారిచ్చాడు. ఇద్దరూ స్టేషను వైపు బయటపడ్డారు. దీపాలు దగ్గర్లోనే కనిపిస్తున్నాయి. బండికి ఇంకా వ్యవధి ఉంది. ఆమెకు ఆ మనిషి తెగ నచ్చాడు. పొద్దున్నుంచి ఆమె అనుమానించకుండా నమ్మింది ఆయన ఒక్కణ్ణే.

"ఇక నేను వెళ్ళొస్తానమ్మా" అని మాస్టారు సైకిలు తిప్పి, అలవాటుగా బెల్లు కొట్టాడు. అదే బొంగురు బెల్లు.

లోపల నుంచి జవాబు వచ్చింది. ఈసారి సన్నగా, కొత్త బెల్లులా.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"ఆ చివర ఇంకెవరో మనలాంటి వాళ్ళు కాచుకున్నారు" అని నవ్వాడు మాస్టారు. "నేనే వెళ్ళి చెబుతాను. లేకపోతే తెల్లారేదాకా అక్కడే ఉంటారు."

ఆగండి అనాలనుకుంది. ఏమని ఆపుతుంది? లెక్క సరిగ్గానే ఉంది కదా. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

బొంగురు బెల్లు... సన్న బెల్లు.

బొంగురు బెల్లు... సన్న బెల్లు. ఇంకా దగ్గరగా.

తర్వాత సన్న బెల్లు ఒక్కటే.

"మాస్టారూ!" అని పిలిచింది. పలుకు లేదు.

స్టేషనులో బండి కూత వేసింది. పరుగెత్తితే అందుకోవచ్చు. ఎక్కకపోతే అన్నయ్య వస్తాడు, తనకిక ఇల్లే గతి. ఒక కాలు పెడలు మీద పెట్టింది... తీసేసింది. పేరైనా అడగని ఆ మనిషిని అక్కడ వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

బండి కదిలిన చప్పుడు వినిపించింది. కొండ అవతల మలుపు తిరిగి సద్దుమణిగింది.

ఆమె బెల్లు కొట్టింది. ఆయన ఒక్కసారి పలికితే చాలనుకుంటూ.

పలికాడు.

బొంగురు బెల్లూ, సన్న బెల్లూ... రెండూ కలిసి, ఒకే చోటి నుంచి.