పోస్టరు మీద ఎనిమిది

ఆ అమ్మాయిని మొదటిసారి చూసినప్పుడు నూటిరవై ఖాళీ కుర్చీల మధ్య ఒక్కతే కూర్చుని ఉంది.

మిగతా నూట ఎనభై ఇంకా నా వ్యానులోనే ఉన్నాయి. మా ఊరు కుమాసిలో శనివారాలు చావుకార్యాలవి. నాది టెంట్ హౌస్. ఆరు టెంట్లు, మూడొందల కుర్చీలు. ఊళ్లో ఎవరు పోయినా ఆఖరికి నా దగ్గరికే రావాలి. అందుకే నేను అందరితోనూ మంచిగా ఉంటాను.

"మేడమ్, కొంచెం లేస్తారా? ఆ వరస ఇంకా సర్దలేదు," అన్నాను.

ఆమె గడియారం చూసుకుంది. నల్ల బట్టలు, తలకి ఎర్ర గుడ్డ, అంతా పద్ధతిగానే ఉంది. "ఎనిమిదీ రెండయింది. చావు పోస్టరు మీద ఎనిమిదని వేశారు. మనుషులేరీ?"

"ఇళ్లల్లో స్నానాలు చేస్తుంటారు. కొందరు ఇంకా లేచి ఉండరు."

"మరి చనిపోయినాయన?"

"ఆయనొక్కడే తయారుగా ఉన్నాడు. ఆయన్ని తెచ్చే బండే పదింటికి వస్తుంది."

ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుంటుందని మాత్రం నేను అంచనా వేసుకున్నాను. సరుకు విప్పకుండానే లోపలేముందో చెప్పగలగడం మా వృత్తిలో అవసరం.

"మీరు హాంబర్గ్ నుంచా?" అన్నాను.

"ఎలా తెలుసు?"

"ఈ ఊళ్లో ఎనిమిదంటే ఎనిమిదికే వచ్చేది ఇద్దరే. టెంటు వేసేవాడు, బోర్గా."

బోర్గా అంటే పైదేశంలో పని చేసొచ్చిన మనిషి. హాంబర్గ్ నుంచి పుట్టిన మాట. లండన్ వెళ్లొచ్చినా మావాళ్లు అలాగే అంటారు. ఆమెకి ఆ మాట నచ్చలేదని ముక్కు విరుపే చెప్పింది.

"నేను బోర్గాని కాదు. ఇక్కడి బంతామా పేట పిల్లని. పేరు అఫ్రియే."

"బంతామా పిల్లయితే వచ్చీరాగానే కూర్చుంటుందా? కుడివైపు నుంచి మొదలెట్టి అందరికీ చెయ్యిచ్చి పలకరించాలి కదా."

"ఎవరికివ్వను?"

"కుర్చీలకివ్వండి."

తిడుతుందనుకున్నాను. ఆమె లేచి, కుడి చివర కుర్చీ దగ్గరికెళ్లి, దాని చెయ్యి పట్టుకుని ఊపి, "పెద్దాయన పోయారు, మీకెంత కష్టం వచ్చింది," అంది. తరవాతి కుర్చీకీ అదే మాట. అలా ఒక వరసంతా వెళ్లింది. ఆఖరి కుర్చీకి చెయ్యి ఒకటి విరిగి ఉంది. దాన్ని చూసి, "అయ్యో, మీరు కూడానా?" అని పకపకా నవ్వింది.

నా అంచనా తక్కువని అప్పుడు తేలింది.

హాంబర్గ్‌లో ఉన్న తొమ్మిదేళ్లలో ఎగ్గొట్టిన పలకరింపులన్నీ తీర్చిరమ్మని వాళ్ల సెర్వా పిన్ని ఆమెని ప్రతి శనివారం ఎక్కడో ఒక చోటికి తరిమేది. ఎక్కడికెళ్లినా కుర్చీలు నావే. ఎనిమిదింటికి ఆమె, నేను, ఖాళీ టెంటు. ఊరికే కూర్చుంటే చేతులు దురద పెడతాయని రెండో వారం నుంచి కుర్చీలు వెయ్యడం మొదలెట్టింది. తాడు కట్టి మరీ వరసలు సరిచేసేది. నాకు ఒక మనిషి కూలి కలిసొచ్చింది. మొదట్లో నా సంతోషమంతా దానికేనని నాకు నేను చెప్పుకున్నాను.

"ఇంత తిన్నగా ఎందుకు? కూర్చునేవాళ్లు వంకర మనుషులే కదా," అనేవాడిని.

"మాట్లాడకుండా ఆ చివర పట్టుకో." మూడో వారానికే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది.

ఒకరోజు వాన పట్టుకుంది. టెంటు మధ్యలో నీళ్లు నిలిచి బొజ్జలా వేలాడుతుంటే నేను కర్రతో ఎగదోశాను. ఆ నీళ్లన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. తిట్టడం అయ్యాక ఎర్ర గుడ్డ పిండుకుంటూ అడిగింది.

"వీళ్లకి సిగ్గుండదా ఒపోకూ? ఇంతమందిని కూర్చోబెట్టి ఇంత ఆలస్యంగా రావడానికి?"

"ఇంతమంది ఎవరు? నువ్వొక్కదానివే."

"అక్కడ ముసలివాళ్ల ఆశ్రమంలో పనిచేశాను. ఒక్కో ముసలామెకి స్నానానికి పన్నెండు నిమిషాలు. పదమూడోది మొదలైందంటే పక్క గదిలో ఇంకొకామె తడిసిన పక్క మీద నా కోసం చూస్తున్నట్టే. తొమ్మిదేళ్లు అలాగే పరిగెత్తాను. ఇప్పుడు నిదానంగా నడువంటే కాళ్లు వినడం లేదు." గుడ్డ దులిపి తలకి చుట్టుకుంటూ, "జూన్ ఆఖరు దాకా నా ఉద్యోగం అట్టేపెట్టారు. ఈలోగా ఇక్కడ ఇమడలేకపోతే వెళ్లిపోతాను," అంది.

వాన చప్పుడు ఎక్కువగా ఉంది కానీ ఆ మాట నాకు స్పష్టంగానే వినిపించింది.

నేను వెంటనే లెక్క వేశాను. ఈమె ఉండాలంటే ఇమడాలి. ఇమడాలంటే ఆలస్యంగా రావడం నేర్చుకోవాలి. నేర్పడానికి ఊళ్లో నాకంటే తెలిసినవాడు లేడు.

"చెప్తాను, రాసుకో," అన్నాను. "పోస్టరు మీద ఎనిమిదంటే, టెంటువాడికి ఏడు. రక్తసంబంధీకులకి పది. దూరపు చుట్టాలకీ, పలకరించడానికి వచ్చేవాళ్లకీ పదకొండున్నర. పెద్దమనుషులకి ఒంటిగంట. భోజనాలకి మాత్రమే వచ్చేవాళ్లకి రెండు, వాళ్లు మాత్రం ఎప్పుడూ ఆలస్యం చెయ్యరు."

ఆమె నిజంగానే చిన్న పుస్తకం తీసి పట్టిక గీసి రాసుకుంది. "అయితే నాది పదకొండున్నర."

"అంతే. మర్చిపోకు."

మర్చిపోలేదు. తరవాతి శనివారం ఎనిమిదికి టెంటు కింద నేనొక్కడినే ఉన్నాను. తొమ్మిదయింది. పదిన్నరకి నేను ఇంకో పేటలో కుర్చీలు దించాలి, వెళ్లిపోయాను. ఆ పై వారమూ అంతే. ఆమె పదకొండున్నరకి ఎంత చక్కగా దిగుతోందో వాళ్లూ వీళ్లూ చెబుతుంటే విన్నాను. నా పాఠం అంత బాగా పనిచేసింది. ఈ నలభై ఏళ్లలో నేను చేసిన తెలివితక్కువ పనుల్లో దీనికి పోటీ లేదు. వరసలు మళ్లీ వంకర తిరిగాయి. తాడు వ్యానులోనే ఉంది, నాకు కట్టబుద్ధి కాలేదు.

జూన్ మూడో వారంలో సెర్వా పిన్ని మా కొట్టుకి వచ్చింది. నెలాఖరు శనివారం వాళ్లాయన సంవత్సరీకం.

"మూడొందలూ కావాలి బాబూ. మా అఫ్రియే ఇప్పుడు బాగుపడింది తెలుసా? ఎక్కడికి పిలిచినా హాయిగా ఆలస్యంగా వెళ్తోంది."

"సంతోషం పిన్నిగారూ," అన్నాను.

"కానీ మొన్న హాంబర్గ్‌కి ఏదో ఉత్తరం పంపింది. అడిగితే చెప్పదు. తొమ్మిదేళ్లు తిన్న ఉప్పు, ఎక్కడికి పోతుంది?"

ఆ రోజు ఒకాయన టెంటు అద్దె తగ్గించమని అడిగితే, ఎంత అడిగితే అంత తగ్గించి పంపాను. ఆయన భయపడి నా ఒంట్లో ఎలా ఉందని అడిగాడు.

సంవత్సరీకం రోజు పొద్దున ఎనిమిదికి వాళ్ల వాకిట్లో కుర్చీలు దించుతూ, "అఫ్రియే ఏది?" అన్నాను, ఎటో చూస్తూ.

"ఇంకా లేవలేదు," అంది పిన్ని గర్వంగా.

సాయంత్రం ఐదుకి కుర్చీలు తీసుకెళ్లాలి. వెళితే వీడ్కోలు చెప్పాలి. అందుకని రెండు గంటలు వీధి మలుపులో వ్యానులో కూర్చున్నాను. ఏడు దాటాక వెళ్లి లెక్క చూస్తే రెండొందల తొంభై తొమ్మిదే ఉన్నాయి.

మూడొందలోది గోడవారన ఉంది. దాని మీద అఫ్రియే ఉంది.

"కుర్చీ ఇస్తావా?"

"ఇవ్వను. ఐదుకి రావాల్సినవాడివి. నడుం పట్టేసింది ఇక్కడ."

"కుమాసి కదా, అలవాటు చేసుకోవాలి. హాంబర్గ్ ఎప్పుడు?"

"ఎందుకు?"

"ఉత్తరం పంపావట."

"పంపాను. రానని."

నా నోట్లోంచి వచ్చిన మాట పనికొచ్చేది కాదు. "రానని చెప్పడానికి ఉత్తరమెందుకు? గడువు దాటితే వాళ్లకే తెలుస్తుంది."

"నా కోసం చూస్తుంటారు కదా. చెప్పకుండా మనిషిని అలా కూర్చోబెట్టకూడదు." నావైపు సూటిగా చూసింది. "పదకొండున్నరకి రమ్మని నువ్వే రాయించావు. వస్తే నువ్వుండవు. మళ్లీ ఎప్పుడొస్తావో ఆ పట్టికలో లేదు. అడుగుదామంటే, 'కుర్చీలవాడు ఎప్పుడొస్తాడు' అని చావింట్లో ఎలా అడగను?"

"మరి ఈ పొద్దున నిద్రపోయావటగా?"

"కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. వరసలన్నీ వంకరే. తాడేది?"

"అఫ్రియే," అన్నాను, "నాకు వ్యానుంది. ఆరు టెంట్లున్నాయి, ఒకటి కొంచెం కారుతుంది గానీ..."

"సరుకు చూపించమన్నానా?"

"శనివారం పొద్దున నువ్వు లేకపోతే నాకు పని జరగడం లేదు."

"నీకు కూలిమనిషి కావాలా, పెళ్లాం కావాలా?"

"పెళ్లామే. కూలిమనిషైతే మధ్యాహ్నం ఇంటికెళ్లిపోతుంది."

ఆమె నవ్వాపుకోవడానికి ఎర్ర గుడ్డ నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. కిటికీ తెరుచుకుని సెర్వా పిన్ని తల బయటికి వచ్చింది. ఎంతసేపట్నుంచి వింటోందో తెలియదు.

"దాన్ని అడిగితే ఏం లాభం ఒపోకూ? పెద్దవాళ్లని వెంటబెట్టుకుని, మందు సీసాలు పట్టుకుని వచ్చి పెళ్లి మాటకి తలుపు తట్టాలి. వచ్చే ఆదివారం, తొమ్మిదికి."

"అంటే పదకొండుకి కదా పిన్నీ?" అంది అఫ్రియే.

"నోర్ముయ్! ఆడపిల్ల సంగతి. తొమ్మిదంటే తొమ్మిదే." కిటికీ మూసుకుంది.

నేను నిలబడి లెక్క వేశాను. నాకు ముగ్గురు మేనమామలు. పెద్దాయనకి ఎప్పుడూ పైగుడ్డ దొరకదు, నడిమాయనకి దారిలో ప్రతి ఇంటి ముందూ ఆగే జబ్బు. "మావాళ్లని తొమ్మిదికి ఇక్కడ నిలబెట్టాలంటే, ఏడింటికని చెప్పాలి," అన్నాను.

అఫ్రియే కుర్చీలోంచి లేచి, నడుం పట్టుకుని, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది.

"ఐదున్నరని చెప్పు," అంది.