డెబ్బై ఒక్క చీకటి గంటలు

ఈ కాలపు పదకొండో మోడం, అంటే వానమబ్బు, ఆదోని దాటడానికి ఇంకా నలభై నిమిషాలుంది. వేలంపాట కచేరీలో ముద్రగత్తె ఉరుకుందమ్మ రెండో ఊరి చీటీకి ముద్ర వేసి యంత్రం నోట్లో పెట్టింది. పచ్చదీపం వెలిగింది. ఇక ఆ సంఖ్యను ఎవరూ మార్చలేరు.

మోడాన్ని చీకటి గంటలతో కొనాలి. ఎన్ని గంటల కరెంటు వదులుకోగలదో ప్రతి ఊరూ తన గరిష్ఠాన్ని గుట్టుగా రాసిస్తుంది. ఆపైన పాటంతా యంత్రానిదే. పక్క ఊరి కన్నా ఒక్క గంట ఎక్కువ, మళ్లీ ఒక్క గంట ఎక్కువ, అలా గరిష్ఠం దాకా పాడుతూ పోతుంది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. పదేళ్లుగా ముద్రలు వేస్తున్న ఉరుకుందమ్మకు మాత్రం ఆ న్యాయం మింగుడుపడడం ఎప్పుడో మానేసింది.

ఈసారి కొత్తగుండ్ల డెబ్బై రెండు రాసింది. నల్లచెలిమ డెబ్బై రాసింది. అన్ని గంటలు ఇవ్వాలని ఇద్దరికీ లేదు. పక్కవాడు పది దాటడు, మనకు పడేది పదకొండేనన్న ధీమాతో రాసిన రాతలవి. ఇద్దరి ధీమా కలిసి ధరను డెబ్బై ఒకటికి ఎక్కిస్తుంది.

కొత్తగుండ్ల ఆసుపత్రిలో ఆమె చెల్లెలు నర్సమ్మ బిడ్డ వెచ్చటి పెట్టెలో ఉంది. ఏడో నెలలోనే పుట్టిన బిడ్డ. పెట్టె బ్యాటరీ ముప్పై గంటలకు మించి ఆగదు.

ఒక్క గంటతో మొదలైన పాట ఎక్కుతూ పోయింది. తొమ్మిది. పది. పదకొండు. గెలుస్తున్న ఊరికి వెనక్కి తగ్గే హక్కు లేదు. ఓడుతున్న ఊరు ముద్ర విప్పించుకుని పాట నుంచి తప్పుకోవచ్చు గానీ, ఓడుతున్నామని దానికి తెలియనివ్వరు. చెప్పిన ముద్రగత్తె తాళంచెవి ఆ పూటే లాగేసుకుంటారు. ఉరుకుందమ్మకు అది తెలుసు. అయినా నల్లచెలిమ పెద్దకు ఫోను కలిపింది.

"సుంకన్నా, ఆదోని నుంచి ఉరుకుందమ్మను."

"ఏమ్మా, మోడం మాకేనా?"

"కాదన్నా. వాళ్లు డెబ్బై రెండు రాసినారు. డెబ్బై ఒకటి కాడ నిలబడ్తాది."

"వాళ్లకేమన్నా పిచ్చి పట్టిందా?"

"నీకు పట్టిన పిచ్చే." ఆమె బిడ్డ సంగతి చెప్పింది. "నువ్వు ముద్ర విప్పమంటే పోటీ ఉండదు. ధర ఒక్క గంటకు దిగుతాది."

"విప్పితే మమ్మల్ని మూడు మోడాల దాకా పాటకు రానీరు గదా! సెనక్కాయ ఊడలు దిగే, వాన కావాల్సిన టైమమ్మా ఇది."

"తెలుసన్నా."

తెరమీద యాభై దాటింది.

"కలుపు తీసేకి మేం వాళ్ల చేన్లకు పోతాం, వాళ్లు మా చేన్లకొస్తారు," అన్నాడు సుంకన్న. "పనికి పని బదులు. మోడానికీ అట్లే. పన్నెండో మోడం వాళ్లు పాడి మా చేన్ల మీద దింపాల. వాళ్లకు నువ్వే చెప్పు."

"వాళ్లు మాట తప్పితే?"

"కలుపు కాడ ఎప్పుడూ తప్పలేదు. మోడం కాడ ఏం జేస్తారో నాకేం తెల్సు? విప్పమ్మా. బిడ్డ వెచ్చగుండనీ ముందు."

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ముద్ర విప్పింది. అప్పటికి తెరమీదికెక్కిన డెబ్బై ఒకటి ఒక్కసారిగా ఒకటి అయింది. కారణం చెప్పమని యంత్రం అడిగింది. మరణం, వలస, పొరపాటు, మూడే మీటలు. ఆమె ఏదీ నొక్కలేదు. తాళంచెవి మెడలోంచి తీసి బల్లమీద పెట్టి, కొత్తగుండ్ల పెద్దకు ఫోను చేసి సుంకన్న మాట అప్పజెప్పింది. ఆయన సరేనన్నాడు. కాస్త తడుముకునే అన్నాడు.

ధర పడిపోవడం అన్ని ఊళ్ల బోర్డుల మీదా కనిపించింది. కాసేపటికే ఫోను మోగింది. ఎవరో తెలియని గొంతు, పేరు తెలియని ఊరు.

"అమ్మా, రేపటి పాటకు మా పక్కూరోళ్లు ఎంత రాస్తారో చెప్తావా?"

పక్కూరితో బదులు కుదుర్చుకోవడానికో, వాళ్ల పైన ఒక గంట ఎక్కువ పాడడానికో ఆ గొంతును బట్టి ఆమెకు తెలియలేదు. అడిగింది. "ముందు సంఖ్య చెప్పమ్మా," అంది అవతలి గొంతు.