నాలుగింటికి నిండే బకెట్

శామీర్‌పేటలో మా కాలనీ పదకొండో నంబరు ఇంటి వెనక సందులోంచి తెల్లవారుజామున ఎవరూ నడిచేవారు కాదు. పాలవాడు కూడా ప్యాకెట్లు ఈ చివరే పెట్టి బండి తిప్పేసేవాడు. ఆ ఇంటి బాత్రూం కిటికీలో నాలుగింటికల్లా ఎర్ర దీపం వెలుగుతుందని, మనిషి అలికిడి లేకుండానే బకెట్లో నీళ్లు పడతాయని చెప్పుకునేవారు. నేను ఇలాంటివి నమ్మను. నమ్మకపోయినా ముందు రోడ్డు మీదే నడకకు వెళ్లేవాణ్ని.

అది సాలోమోను ఇల్లు. తుర్కపల్లిలో మందుల కంపెనీలో పని. నాలుగున్నరకే కంపెనీ క్యాబు గేటు ముందు ఉంటుంది. అందుకని అతని భార్య రెబెక్కా నాలుగింటికే లేచి, వేణ్నీళ్లు బకెట్లో నింపి అతన్ని లేపేది. మొన్న వానాకాలంలో మూడంటే మూడు రోజుల జ్వరంతో పోయింది. ముప్పై రెండేళ్ల పిల్ల.

ఆమె పోయిన వారానికి గీజర్ పాడైంది. మేడ్చల్ నుంచి మెకానిక్ కుతుబుద్దీన్ వచ్చి కాయిల్, థర్మోస్టాట్ మార్చి వెళ్లాడు. మర్నాటి నుంచే మొదలైంది... ఇది.

తమ్ముడికి తోడుగా వచ్చి ఉంటున్న సాలోమోను అక్క ఎలీషమ్మ హడలిపోయింది. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించింది. మర్నాడూ బకెట్ నిండింది. ఇక లాభం లేదని కుతుబుద్దీన్‌కే ఫోన్ చేసి, నువ్వు రిపేరు చేశాకే ఇదంతా, వచ్చి చూసుకోమంది.

మిగతాది కుతుబుద్దీన్ నాకు చెప్పిందే.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. మూడున్నరకు లేచి బాత్రూం గడప ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కుళాయి గట్టిగా కట్టేసి ఉంది. దాని కింద ఖాళీ బకెట్. కొక్కేనికి ఉతికిన తువ్వాలు. రెబెక్కా పడుకునే ముందు సర్దిపెట్టినట్టే సాలోమోను రోజూ సర్దిపెడుతున్నాడట.

నాలుగు దాటింది.

ఒక చుక్క... ఇంకో చుక్క... తర్వాత సన్నటి ధార. కుళాయిని ఎవరూ ముట్టుకోలేదు. నీళ్ల నుంచి ఆవిరి లేస్తోంది. కాసేపటికి, టిక్ — గీజర్ మీద ఎర్ర దీపం వెలిగింది.

వెనక ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు. కుతుబుద్దీన్ స్టూలు మీంచి లేచాడు. తిరిగి చూస్తే సాలోమోను. తల దువ్వుకుని నిలబడ్డాడు.

"ఇగ జర పక్కకు జరుగుర్రి భాయ్," అన్నాడు గుసగుసగా. "ఆమెకు సిగ్గెక్కువ."

కుతుబుద్దీన్‌కు ఒళ్లు జలదరించింది. కానీ ముప్పై ఏళ్ల పని ఊరికే పోదు కదా. పైపుకు చెవి ఆనించాడు. పైపు అదురుతోంది. బయటికి పరుగెత్తి చూస్తే, వాచ్‌మన్ మహేందర్ రోజూలాగే నాలుగింటికి కాలనీ మోటారు వేసి బీడీ కాల్చుకుంటున్నాడు.

అంతే. మోటారు వేస్తే లైనులో నీళ్ల జోరు పెరుగుతుంది. ఆ జోరుకు అరిగిన వాషర్ ఆగదు. కుళాయిలోంచి వేణ్నీళ్లు కారిన కొద్దీ గీజర్లోకి చన్నీళ్లు వస్తాయి. ఆ చల్లదనానికి కొత్త థర్మోస్టాట్ కాయిల్‌ను ఆన్ చేస్తుంది. రిపేరయ్యాక స్విచ్ వేసే ఉంది; రెబెక్కా వేసే స్విచ్ కదా, దాన్ని ఆపడానికి సాలోమోనుకు చెయ్యి రాలేదు. తప్పంతా కుతుబుద్దీన్‌దే. రిపేరు రోజు నీళ్లు ఖాళీ చేయడానికి కుళాయి విప్పి, సంచిలో కొత్త వాషర్ లేక పాతదే మళ్లీ బిగించేశాడు.

వాల్వు కట్టి రెండు నిమిషాల్లో వాషర్ మార్చాడు. ధార ఆగింది. దెయ్యాన్ని పట్టేసినంత సంబరంగా అక్కాతమ్ముళ్లను కూర్చోబెట్టి మొదటి నుంచీ విడమరిచి చెప్పాడు. ఎలీషమ్మ దేవుడికి స్తోత్రం అంది.

సాలోమోను అంతా విన్నాడు. లేచి వెళ్లి, సగం నిండిన బకెట్లో చెయ్యి పెట్టాడు.

"అయితే... గిన్ని రోజులు ఆమె కాదా భాయ్?"

కుతుబుద్దీన్‌కు అప్పటికిగానీ తను ఏం చేశాడో తెలియలేదు. జేబులోంచి పాత వాషర్ తీశాడు.

"మళ్ల పాతదే ఏస్త సారూ. ఎవ్వలికీ చెప్ప."

సాలోమోను తల అడ్డంగా ఊపాడు.

"ఎరుకైనంక... ఎట్లొస్తది భాయ్?"

బయట క్యాబు హారన్ కొడుతూనే ఉంది. అతను నీళ్లలోంచి చెయ్యి తీయకుండా అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఇప్పుడు ఆ సందులోంచి అందరూ నడుస్తున్నారు. నేనే ఇంకా ముందు రోడ్డు మీదే వెళుతున్నాను. నాలుగింటికి చీకటిగా ఉండే ఆ కిటికీని చూడలేను.