బూరుగువలస మలుపులో ఆగని బస్సు

"మూడింట్లో ఒకటి తప్పు చెబుతోంది. అదేదో ఇవాళ తేలిపోతుంది," అంది డాక్టర్ విభావరి, లాప్‌టాప్ ఒళ్లో సర్దుకుంటూ. కరెంటు బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతోంది.

"తేలకపోతే మాత్రం పోయేదేముంది మేడమ్?" అన్నాడు డ్రైవరు సూరిబాబు, అద్దంలో చూస్తూ.

పోయేది చాలానే ఉంది. డీజిల్ బస్సులన్నీ తుక్కు కిందికి పోయాక, కొండ మీది జనానికి ఆస్పత్రికైనా పెళ్లికైనా ఈ బస్సే దిక్కు. ఇదేమో రోజూ బూరుగువలస మలుపులో చతికిలబడుతుంది. కారణం కరెంటు సెన్సర్. మోటారులోకి మూడు తీగల్లో కరెంటు వెళ్తుంది. తీగకొక సెన్సర్ కాపలా. మూడు లెక్కలూ కలిపితే ఏ క్షణంలోనైనా సున్నా రావాలి. రాలేదంటే ఏదో ఒకటి తప్పు. ఏదో తెలియక కంప్యూటర్ భయపడి బండినే ఆపేస్తుంది. ముగ్గురు సాక్షుల్లో ఒకడు అబద్ధమాడాడని కోర్టుకే తాళం వేసినట్టు! విభావరి కనిపెట్టిన మిషన్ అలా చెయ్యదు. మోటారు తిరిగే తీరుని బట్టి తప్పు సెన్సర్‌ని పట్టుకుని పక్కనపెడుతుంది. మిగతా రెండింటి నుంచి మూడోదాని లెక్క తనే కట్టి బండిని నడిపిస్తుంది.

ఆ రోజు మాత్రం మిషన్ గమనిస్తుందే తప్ప కలగజేసుకోదు. మలుపు రాగానే ఎర్ర లైటు వెలిగింది. బస్సు ఆగింది.

"రెండోది!" అని అరిచింది విభావరి, తెర మీంచి తల ఎత్తకుండానే.

కిందనుంచి ఇంకో గొంతు. "ఏటి సూరిబాబూ, నీ బండికి ఈయేళా దాహమేనా?"

"బండికే కాదు, బండోడిక్కూడా."

"బండోడికి టీ ఉంది. డబ్బులెట్టి తాగమను."

టీకొట్టు రాజులమ్మ. పెళ్లి ఊసెత్తిన వాళ్లని కొట్టు మెట్లు దింపేసే మనిషి. చేతిలో బకెట్టు. వాళ్ల నాన్న కాలంలో జీపులు మరిగి ఇక్కడే ఆగేవి, కొట్టువాళ్లు నీళ్లు పోసేవాళ్లు. ఇది కరెంటు బండన్నా ఆ అలవాటు పోలేదు. ఇద్దరూ బస్సు వెనక్కి నడిచారు. ఒంటరివాడు సూరిబాబుకి మిగతా రోజంతా ఒక ఎత్తు, బండి చల్లారే ఆ పావుగంటా ఒక ఎత్తు.

"కానియ్యండి నాయనా, మాకేం తొందర?" అని సాగదీసింది వెనక సీటు ముసలమ్మ. బస్సంతా నవ్వింది. విభావరికి ఆ నవ్వు వినబడలేదు.

మర్నాటి నుంచి మిషన్ పగ్గాలు పట్టింది. ఎర్ర లైటు వెలగలేదు. జనం చప్పట్లు కొట్టారు. రాజులమ్మ బకెట్టుతో రోడ్డు దాకా వచ్చి, బస్సు వెళ్లిన వైపే చూస్తూ నిలబడిపోయింది. సూరిబాబు హారన్ కొట్టాడు. అంతకు మించి ఏం చెయ్యగలడు?

నెల తర్వాత విభావరి మళ్లీ బస్సెక్కింది, ఒక వింత పట్టుకుని. రెండో సెన్సర్ దానంతటదే బాగైపోయింది!

"ఇదివరకు దీనికి తడేమైనా తగిలేదా?"

"రోజూ తగిలేది మేడమ్. రాజులమ్మ మోటారు పెట్టె మీద బకెట్టెడు నీళ్లు గుమ్మరించేది."

విభావరి నిర్ఘాంతపోయింది. ఆ తడి సెన్సర్ తీగ కలిసే కనెక్టర్‌లోకి దిగేది. మర్నాడు కొండెక్కేటప్పుడు వేడెక్కి సెన్సర్ తప్పు చెప్పేది. దాంతో బస్సు ఆగేది. ఆగితే మళ్లీ నీళ్లు!

"నీళ్లు తగలకూడదని ట్రైనింగ్‌లో చెప్పలేదా మీకు?"

"చెప్పారు."

"మరి?"

"వాగు నుంచి మోసుకొచ్చేది మేడమ్. వద్దని ఎలా అంటాను?"

"అంత ఇష్టముంటే సెలవు రోజున వెళ్లి చెప్పెయ్యొచ్చుగా! ఎవరు అడ్డం? పిరికితనం కాకపోతే!"

సూరిబాబు స్టీరింగ్ తిప్పి బండిని ఒక మలుపు దాటించాడు.

"ఏమని వెళ్లను? ఇన్నాళ్లూ నేను బండి కోసం ఆగాను. ఆవిడా బండి కోసమే వచ్చింది. ఇప్పుడు ఒట్టి చేతుల్తో, నా కోసం నేను ఎలా వెళ్లడం మేడమ్?"

విభావరి లాప్‌టాప్ మూసేసింది. "బస్సు ఆపండి. నాకు టీ కావాలి. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి."

సూరిబాబు కాలు బ్రేకు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

"కొట్టు దాటిపోయాం మేడమ్. ఇదివరకు బండి మూలుగుతూ ఎక్కేది, దూరంనుంచే పొయ్యి పొగ కనబడేది. ఇప్పుడా మలుపు ఎప్పుడొస్తోందో, ఎప్పుడు పోతోందో..."

బస్సు ఎక్కడా తడబడకుండా కొండెక్కుతూ పోయింది.