మగ్గుతో పోసిన ఊపిరి

మెదక్ చర్చికి వెళ్ళే దారిలో అనూప్‌కు చేపల తొట్టెలమ్మే చిన్న దుకాణం ఉంది. ఎనిమిదేళ్ళయినా, నిస్సి మొదటిసారి ఆ మెట్లెక్కి వచ్చిన తీరు అతనికి నిన్నటిలాగే గుర్తు. చేతిలో స్టీలు డబ్బా, ముక్కు మీద కోపం.

"మీరిచ్చిన చేపలు నాలుగు దినాలు గూడ బతకలే. మా నాయిన పొద్దటి సంది తిండి ముట్టలే!"

డబ్బాలో రెండు గోల్డ్‌ఫిష్‌లు వెల్లకిలా పడి ఉన్నాయి.

"తొట్టె ఎట్ల కడిగిండ్రు?"

"మంచిగనే. రోజూ నీళ్ళన్నీ పారబోసి, సబ్బు పెట్టి తోమినం."

అనూప్‌కు నవ్వాగలేదు. "అవి చేపలు మేడమ్, గిన్నెలు కావు."

"నవ్వకుండ్రి!"

నవ్వు మింగి చెప్పాడు. "సబ్బు అసలే వద్దు. వారానికి పావు వంతు నీళ్ళే మార్చాలె. చేపల మలినంతోని నీళ్ళల్ల అమోనియా అనే విషం పుడ్తది; దాన్ని తినే సూక్ష్మజీవులు ఫిల్టర్ల పెరగాలె. నెల దినాలు చేపలు లేకుండనే నడపండ్రి, ఆ జీవుల కోసమే రోజూ చిటికెడు మేతెయ్యండ్రి. నేనొచ్చి నీళ్ళు టెస్ట్ చేస్త."

"నెలంత ఉత్త నీళ్ళు చూస్కుంట కూసోవాల్నా?"

ఆ తొట్టె, నిస్సి తండ్రి కృపాదానం హాస్టల్ వార్డెనుగా రిటైరైనప్పుడు తోటివాళ్ళిచ్చిన కానుక. ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక అనూప్ వాళ్ళింటికి వెళ్ళేవాడు. పని ఐదు నిమిషాలు, కూర్చునేది గంట. "అమోనియా ఎంతుంది?" అన్నది తప్ప నిస్సి వేరే మాట అడిగేది కాదు. అడిగేటప్పుడు మాత్రం నవ్వేది.

ఐదో వారం కొత్త చేపలు వచ్చాయి. ఇక వెళ్ళడానికి సాకు లేదు. ఆ తర్వాతి రెండు ఆదివారాలు అనూప్‌కు ఎంతకీ పొద్దు గడవలేదు.

జులైలో ఒకరోజు పొద్దున్నుంచీ వాన, కరెంటు లేదు. మధ్యాహ్నం నిస్సి ఫోన్.

"ఫిల్టర్ ఆగింది, చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. జర జల్ది రాండ్రి!"

తడిసి ముద్దయి వచ్చాడు. మగ్గుతో తొట్టెలోని నీళ్ళే తీసి, జానెడు ఎత్తునుంచి మళ్ళీ అందులోనే పోశాడు. "గిట్ల పోస్తే గాలి కలుస్తది. ఆపొద్దు."

ఇద్దరూ వంతులేసుకుని రెండు గంటలు పోశారు.

"చేతులు నొస్తున్నయా?" అడిగాడు అనూప్.

"నొస్తున్నయ్. గని కరెంటు రావద్దనే ఉంది."

"ఎందుకు?"

"వస్తే మీరు పోతరు."

అతని చేతిలో మగ్గు ఆగిపోయింది. వెనక కుర్చీలోంచి కృపాదానం దగ్గాడు.

"చేపల సంగతి చూడండ్రి ముందుగాల. అనూప్, వచ్చే ఐతారం మీ అమ్మను తోల్కరా బిడ్డా. మాట్లాడేదుంది."

నిస్సి అనూప్ చేతిలోంచి మగ్గు లాక్కుని, తలెత్తకుండా ముంచింది. సగం నీళ్ళు అతని కాళ్ళ మీదే పడ్డాయి.