అమ్మ పది నిమిషాలు

ఆదివారం సరిగ్గా నాలుగు గంటలకు ఫోన్ మోగింది. ఇస్త్రీ బల్ల దగ్గరున్న నాన్న చెయ్యి చాపేలోపే లాయరు దాన్ని లాక్కుని ఉడాయించింది.

లాయరంటే నల్లకోటు లాయరు కాదు, నాలుగో తరగతి అమ్మాయి. ప్రతిదానికీ వాదనకు దిగుతుందని ఇంట్లో అలా పిలుస్తారు. ఆమె తమ్ముడికి తొమ్మిది నెలలు. తలమీద నాలుగు వెంట్రుకలైనా రాలేదు కాబట్టి వాడు గుండు.

గుండు పాకుతూ అక్క వెంట పడ్డాడు. లాయరు గబగబా మేడెక్కి తలుపు గడియ పెట్టేసింది.

వాళ్ళమ్మ సరుకుల ఓడలో వంట చేస్తుంది. వెళ్ళి మూడు నెలలయింది. తిరిగి రావడానికి ఇంకా ఐదు నెలలుంది. ఓడలో ఒక్కొక్కరికి వారానికి పది నిమిషాలే వీడియో ఫోన్. ఆ పది నిమిషాల కోసం లాయరు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తుంది. గుండు చేతికి ఫోన్ చిక్కిందంటే నాకడానికే సరిపోతుంది!

"పన్నూడిందేమే! ఏదీ, నవ్వు చూద్దాం!" అంది అమ్మ. తర్వాత ఎప్పటిలాగే అడిగింది. "గుండుగాడేడీ?"

"నిద్రపోతున్నాడమ్మా."

కింద గుండు గరిటెతో గిన్నె మీద దరువేస్తున్నాడు.

"ఆ చప్పుడేంటే?"

"నాన్న ఏదో సర్దుతున్నారు."

గత నాలుగు ఆదివారాలుగా గుండు సరిగ్గా నాలుగింటికే నిద్రపోతున్నాడు మరి! "సర్లే, లేపకు" అంది అమ్మ. ఆమె గొంతు కాస్త తగ్గింది. లాయరు గమనించింది, గమనించనట్టు బడి కబుర్లు మొదలుపెట్టింది.

తర్వాతి ఆదివారం నాన్న ముందే జాగ్రత్తపడ్డాడు. గుండును చంకనేసుకుని ఫోన్ తీశాడు.

"ఒరేయ్, అమ్మరా! చూడు!"

గుండు చూశాడు. మూతి వంకర పెట్టాడు. నాన్న భుజంలో మొహం దాచుకుని గుక్కపెట్టి ఏడ్చాడు.

"నన్ను మర్చిపోయినట్టున్నాడండీ" అని నవ్వింది అమ్మ. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ పూట లాయరుకు అన్నం సయించలేదు.

మర్నాడు గుండుకు టీకా వేయించడానికి వెళ్ళారు. నాన్న బయట చీటీ రాయిస్తుంటే లాయరు గుండునెత్తుకుని డాక్టరమ్మ బల్ల దగ్గరికి చేరింది.

"ఆంటీ, వీడి బుర్రలోంచి మా అమ్మ పోయిందా?"

డాక్టరమ్మ ఆమె మొహంలోకి చూసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "బుర్రలో సన్నని తీగల్లాంటివి ఉంటాయమ్మా. చంటిపిల్లలకు అవి క్షణక్షణం కొత్తవి కలుస్తుంటాయి. ఒకే మొహాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తే, ఒకే గొంతును మళ్ళీ మళ్ళీ వింటే ఆ తీగలు గట్టిపడతాయి. వాడకపోతే వదులైపోతాయి."

"మళ్ళీ కలవవా?" అంది లాయరు.

"భలేదానివే! నా బుర్రలోనే ఇంకా కొత్తవి కలుస్తున్నాయి. యాభై తొమ్మిదేళ్ళకి ఈత నేర్చుకుంటున్నా. మొదటి నెలంతా నీళ్ళు తాగడమే సరిపోయిందనుకో! ఇప్పుడు తేలుతున్నా. బతికున్నన్నాళ్ళూ బుర్ర మారుతూనే ఉంటుంది. కాకపోతే మళ్ళీ మళ్ళీ చెయ్యాలి."

లాయరు తలొంచుకుంది. అమ్మ చెయ్యి తన తలమీద ఉంటే ఎలా ఉండేదో ఈ మధ్య తనకే సరిగ్గా గుర్తు రావట్లేదు. అందుకే ఆ పది నిమిషాలూ తనకే కావాలనిపించింది. తమ్ముడికి కూడా అమ్మ కావాలన్న సంగతే ఆమెకు తట్టలేదు.

ఆ వారమంతా బడి నుంచి రాగానే అమ్మ ఫొటో పట్టుకుని గుండు ముందు కూర్చుంది. "అమ్మ, అమ్మ" అని అలసిపోయేదాకా చెప్పింది. వాడు ఫొటో మూల కొరికాడు.

ఆదివారం ఫోన్ మోగింది. లాయరు మేడెక్కలేదు. గుండును ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, వీడు ఒక్కసారి కూడా నిద్రపోలేదు. నేనే అబద్ధం చెప్పాను."

అమ్మ తెరకు దగ్గరగా వంగింది. "నేను నీ ఒక్కదానికే కావాలనిపించిందా?"

లాయరు తలూపింది.

"పిచ్చిపిల్లా. మీ మీద బెంగతో నాకు ఇక్కడ ముద్ద దిగట్లేదు. అబద్ధం మాత్రం ఇంకెప్పుడూ ఆడకు."

అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని "బూ!" అంది. గుండు బిగుసుకుపోయాడు. మళ్ళీ "బూ!" అంది. పోయిన వారంలా వాడు ఏడవలేదు. ఐదోసారికి మెడ సాచి, కొంగు ఎప్పుడు తొలగుతుందా అని చూడసాగాడు.

"ఒక్క నిమిషమే ఉంది. ఇప్పుడు నువ్వు చెప్పవే, లాయరూ" అంది అమ్మ.

చెప్పాల్సినవి బోలెడున్నాయి. పరుగుపందెంలో గెలిచింది. కొత్త పన్ను మొలుస్తోంది. రాత్రి కలలో అమ్మ వచ్చింది. గొంతు దాకా వచ్చిన మాటల్ని లాయరు మింగేసింది.

"వాడు నిన్నే చూస్తున్నాడమ్మా. ఆపకు" అంది. తన మొహం అడ్డం రాకుండా తమ్ముడి వెనక్కి ఒదిగి, ఫోన్‌ను వాడికి ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది.