చట్రం మీది నల్లగీత

చైనా పంచాంగంలో ఏడో నెల... ప్రేతలోకపు వాకిళ్లు తెరుచుకునే నెల. తుపాను తైపే నగరాన్ని చుట్టుముడుతున్న ఆ సంధ్యవేళ దాదావ్‌చెంగ్ వీధి మొత్తం తలుపులు బిగించుకుంది. నదివైపు నుంచి కారుమేఘాలు కాటుకకొండల్లా కదిలివస్తున్నాయి. ఉరుము ఉరిమినప్పుడల్లా ఆ పాత తేయాకు వర్తకుల మేడ మూలిగింది. చూరు కింద ఎక్కడో గుడ్లగూబ కూసింది... ఆగింది... మళ్లీ కూసింది!

పై అంతస్తులో మాన్‌లింగ్ భర్త నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. బోషెంగ్ కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ వాటిలో అతను లేడు.

పెళ్లైన కొత్తలోనే ఈ మేడను అద్దెకు తీసుకున్నారు. బాగుచేసి అతిథిగృహంగా మార్చాలని ఇద్దరికీ ఒకటే ఉబలాటం. వీధివైపు కిటికీలంటే మాన్‌లింగ్‌కు ప్రాణం. చెక్క రెక్కను ఒక్క వేలితో నెడితే చాలు, చట్రంలో దాగిన ఇనుపగుండ్లు కిందికి జారి దాన్ని పైకి లేపేవి. ఆ ముచ్చట తీరక మొదటిరోజంతా ఎత్తుతూ దించుతూ కూర్చుంది. ఒక చట్రాన్ని దులుపుతుంటే గుండ్ల పక్కనే చేప ఆకారపు చెక్క సిరాబుడ్డి దొరికింది. పాతకాలపు వడ్రంగులు సిరాలో తడిపిన దారంతో చెక్కమీద తిన్నగా గీత కొట్టే పనిముట్టు అది. అందులో నీళ్లు పోసి మల్లెలు పెట్టింది.

"పెళ్లికొచ్చిన పూలకుండీలు అటకెక్కాయి, ఈ వడ్రంగి చేపకి మాత్రం రాజభోగం," అని బోషెంగ్ నవ్వాడు.

ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో... చెక్క పుచ్చిపోయిందంటూ తూ మేస్త్రీ వచ్చి, పాత కిటికీలు తీసి అల్యూమినియంవి బిగించడం మొదలుపెట్టిన నాడే అతనికి జ్వరం పట్టుకుంది. ఇప్పుడు పాత కిటికీ ఒక్కటే మిగిలింది.

మెట్లమీద అడుగుల చప్పుడు. తూ మేస్త్రీ పనిముట్ల సంచితో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంత గాలిలో వచ్చారేంటి మేస్త్రీ గారూ?"

"గాలుందనే వచ్చానమ్మాయ్. ఈ పుచ్చు చెక్క రాత్రికి నిలవదు. కొత్త పెళ్లికూతురివి, మొగుడితోపాటు ఎగిరిపోతావ్."

అతను చకచకా రెక్క ఊడదీశాడు. తుపాను ఆ కంతలోంచి లోపలికి దూకింది. చట్రం లోపలి అంచున నిలువునా ఒక నల్లగీత కనిపించింది. మేస్త్రీ ఉలి తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఆచారం తెలుసుగా. ఆఖరి వేటు ఇల్లాలిది. ఆ గీత గీకెయ్."

ఇదివరకు ప్రతి చట్రం మీదా అలాగే గీకింది, ఆచారమనుకుని. ఇప్పుడు ఉలి ఆనించి ఒక్కసారి లాగింది. మంచం మీద బోషెంగ్ కెవ్వుమన్నాడు. ఆమె చెయ్యి ఆగింది. భయంభయంగా మరో వెంట్రుకవాసి గీకింది. మళ్లీ అదే కేక!

మాన్‌లింగ్ ఆ గీతనూ భర్తనూ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్లూ తన చేత్తోనే...

"మిగతాది మీరు గీకండి," అంది ఉలి చాస్తూ.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేను ముట్టుకోకూడదు."

"ఎందుకని?"

"తెలివొచ్చిందే పిల్లకి," మేస్త్రీ నవ్వాడు. "కట్టినవాడు ఇంటికి వేసిన కాపలా అది. కాపలా పోతే లోపలి ఊపిరి నాది. ఇలాంటి ఇళ్లు ఎన్ని తిన్నానో నాకే గుర్తులేదు."

సంచిలోంచి కపాలం తీశాడు... నల్లబడిన కపాలం, కళ్లగుంటల్లో ఎర్రదారాలు! మేస్త్రీ పెదవులు ఏదో మంత్రంతో కదిలాయి. బోషెంగ్ లేచాడు. తనది కాని నడకతో, కిటికీ లేని ఆ కంతవైపు, కింది వీధివైపు నడిచాడు.

"బోషెంగ్, ఆగు!" మాన్‌లింగ్ అతని నడుము పట్టుకుంది. ఆమెనూ ఈడ్చుకుంటూ నడిచాడు. కిటికీ పక్క గూట్లో ఉన్న సిరాబుడ్డి చేతికి తగిలింది. ఏమీ తోచక పూలు విసిరేసి దారం లాగింది.

దారం నల్లగా వచ్చింది! రోజూ పూలకు పోసిన నీళ్లు అడుగున గడ్డకట్టిన పాత సిరాను మేల్కొలిపాయి.

దారం కొసనున్న సూదిని చట్రానికి ఒక పక్క గుచ్చి, రెండో పక్కకి బిగించి లాగింది. ఆ క్షణాన తన వేళ్లమీద ఇంకెవరివో వేళ్లు... కాయలు కాసిన, వెచ్చని, ముసలి వేళ్లు. అవే దారాన్ని వెనక్కి లాగాయి, వదిలాయి.

టప్‌మని మోగింది.

బోషెంగ్ గోడకు కొట్టుకున్నట్టు దారం దగ్గర ఆగిపోయాడు. కపాలం మీద నల్లగీత పడింది, అది రెండు చిప్పలైంది. అదే గీత మేస్త్రీ నుదుటినుంచి పాదాలదాకా దిగింది, వెంట్రుకవాసి కూడా పక్కకు జరగకుండా.

"వడ్రంగుల ఆదిగురువా, వద్దు..." అన్నాడతను. చెదలు తిన్న దూలంలా లోపలినుంచి గుల్లయి, రంపపుపొట్టై రాలిపోయాడు. తుపాను ఆ పొట్టును ఒక్క గుటకలో మింగేసింది!

"నా పూలేవి?" బోషెంగ్ నేలమీద కూలబడి నీరసంగా అడిగాడు.

"నీవెప్పుడయ్యాయి? నావి," అంటూ మాన్‌లింగ్ ఏడ్చేసింది.

ఇద్దరూ కలిసి రెక్కను చట్రంలోకి ఎక్కించి ఇనుపగుండ్ల తాళ్లు కట్టారు. తెల్లారాక పాతసామాన్ల దొడ్డికి వెళ్లి, మేస్త్రీ ఊడదీసిన మిగతా కిటికీలన్నీ వెనక్కి తేవాలి. బయట గాలి అరుస్తూనే ఉంది. ఆమె సిరా అంటిన ఒక్క వేలితో రెక్కను కిందికి నొక్కింది. అది మెత్తగా దిగి మూసుకుంది.

చట్రం లోపలినుంచి ఒక చిన్న చప్పుడు... పని ముగించిన వాడెవడో సుత్తి దించి పక్కన పెట్టినట్టు.